హార్మోనియం పెట్టెలో పొగ

నకరికల్లులో ఆ ఇంటి వరండా నిండా పొగ. హార్మోనియం పెట్టెలో పాత సామాన్లతో కట్టిన కంప్యూటర్ ముందు భార్యాభర్తలు కూర్చున్నారు. నరసరావుపేట కాలేజీలో దాన్ని చూపించడానికి ఇంకా గంటే ఉంది.

“ఎవరో చెయ్యి పెట్టారే దీంట్లో. నిన్న బంగారంలా పనిచేసింది.”

“నిన్న మీ పేరు తలకిందులుగా వచ్చింది.”

“వచ్చిందిగా. నా పాత స్టూడెంట్లంతా వస్తున్నారు, సూట్‌కేసులా చేత్తో పట్టుకొస్తానని గొప్పలు పోయా. బల్లి దూరిందేమో?”

“బల్లికి ఇంతకంటే మంచి చోట్లు చానా ఉన్నయ్.”

“అయితే ఆ పాత టీవీ తెర ఇచ్చినోడు మోసం చేశాడు.”

“ఊరికే ఇచ్చినోడు చేసే మోసమేంది?”

“పొద్దున బ్యాటరీ తీసింది నువ్వేగా మరి?”

“స్ప్రేయర్‌ది కదా అది. మిరప తోటకి మందు కొట్టించి, తెచ్చి మీ ముందే పెట్టా. తిరిగి బిగించిందెవరు?”

“ఉండు, మూత తీసి చూద్దాం.”

“రెండు వైర్లూ ఎర్రవేందండీ?”

“బోరు మోటారు వైరు ముక్క మిగిలితే వాడా.”

“మరి ప్లస్ ఏదో, మైనస్ ఏదో ఎట్టా తెలిసింది?”

“ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినోడికి చూడగానే తెలిసిపోద్దనుకున్నా.”

“ప్రిన్సిపాల్‌గారి కారొచ్చింది. ఎవరు తగలబెట్టారని చెప్పను?”

“పెట్టెతో పాటు తగలబెట్టినోణ్ణి కూడా తీసుకెళ్లి చూపించమను. వైర్లు తిరగేసి బిగించింది నేనే.”