ఒరీతా వెంగో

ముందు ఆ కాగితం టేబుల్ మీద పెట్టు శశికాంత్ అన్నా. "ఆ సోమవారం దేదీప్య అనే నేను కిచెన్‌లో లేను." ఇంతేగా? ఈ ఒక్క ముక్క మీద నా సంతకం కోసం నీతో మూడు గంటలు డ్రైవ్ చేయించాడా విశ్వనాథం అంకుల్? తన రెస్టారెంట్‌లో గదంత ఫ్రీజర్‌కి లోపలి హ్యాండిల్ ఊడిపోయి మూడు నెలలైంది. దాన్ని బాగుచేయించడానికి మాత్రం మనిషి దొరకలేదు!

తెలుసన్నా, నన్ను ఆ పనిలో పెట్టించింది నువ్వే. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉండి క్యాంపస్ బయట పని చేశానని తెలిస్తే అది పోతుందనీ తెలుసు. మళ్ళీ క్లాస్ పీకకు. కాలేజీలో కార్మికుల హక్కుల మీద మాట్లాడి షీల్డులు కొట్టినదాన్ని నేను. నవ్వొస్తోందా? నవ్వు. నవ్వాల్సిందే.

రోసౌరా గుర్తుందా? అదిగో, గుర్తులేదు! ఉల్లిపాయలు తరిగే మెక్సికో ఆవిడ. అందరికీ "అమీగా", అంటే స్నేహితురాలు. మూడేళ్ళు చేసినా పేరేంటని అడిగినవాడు లేడు. నన్ను "ఫ్లాకా" అనేది. బక్కదానా అని.

లంచ్ రష్ తగ్గాక నా ఫోన్‌ని బియ్యం బస్తాకి ఆనించి వాళ్ళ దేశం సీరియల్ పెట్టేది. అబ్బ, ఏం సీరియల్ అన్నా అది! కోమాలో ఉన్నదానికి లిప్‌స్టిక్! విలన్ గదిలోకొస్తే చాలు, ఈవిడ చేతిలో కత్తితోనే లేచి తిట్టేది. నేను ముందు తిట్లు నేర్చుకున్నాను, తర్వాత భాష. ఎనిమిది నెలల్లో ఆ కిచెన్ మొత్తానికి నేనే ట్రాన్స్‌లేటర్‌ని. "ఏమంటోందమ్మా?" అని అంకుల్ అడగడం, నేను చెప్పడం. పొగరెక్కదూ మరి?

ఆ సీరియల్లో హీరో పెళ్ళి మధ్యలో "ఒరీతా వెంగో" అని బయటికెళ్తాడు. తొంభై ఎపిసోడ్లు మళ్ళీ కనపడడు. మాటకి మాట అర్థం చూస్తే "ఇప్పుడే వస్తాను" అని. నాకేమనిపించింది? మనం చెప్పులేసుకుంటూ "వస్తానండీ" అనమూ? అంటే వస్తున్నట్టా, పోతున్నట్టా? వెళ్తాను అనకూడదు కాబట్టి వస్తాను అంటాం. వాళ్ళదీ అంతే అనుకున్నాను. పక్కనే ఉన్న మనిషిని ఒక్కసారి అడిగితే పోయేది! అడగలేదు.

సోమవారాలు మూడింటికే మూసేస్తాం కదా, సాయంత్రం ఉండదు. ఆవిడ చేతులు తుడుచుకుని, "ఒరీతా వెంగో, ఫ్లాకా" అంది. నేను "అదియోస్", ఇక సెలవు, అని చెయ్యి ఊపాను. పకపకా నవ్వింది. నేనేదో జోక్ వేశాననుకుంది కాబోలు. నవ్వుకుంటూనే వెనక వైపు వెళ్ళింది. ఫ్రీజరూ, బయటికి పోయే తలుపూ రెండూ అటే.

అంకుల్ తాళాలు తీసుకుని, "అమీగా వెళ్ళిపోయిందా?" అన్నాడు.

"వెళ్ళిపోయింది. నాతో చెప్పే వెళ్ళింది."

తందూర్ పొయ్యి దగ్గరుండే రాఘవులు గారు మాత్రం కదల్లేదు. "కోటు కొక్కేనికే ఉంది కదమ్మా. బయట మంచు పడుతోంది."

విన్నావా? ఎంత మామూలుగా అడిగారో! నేనేం చెయ్యాలి? వెనక్కెళ్ళి ఓసారి చూసి రావాలి. ఇరవై అడుగులుండదు. నేను వాదించానన్నా! "వాళ్ళక్క కార్‌లో పికప్ చేసుకుంటుంది, కోటెందుకండీ? ఆవిడ చెప్పింది నాతో. స్పానిష్ మీకొచ్చా, నాకొచ్చా?" అన్నాను.

"ఏమో తల్లీ, చదువుకున్నదానివి" అని ఆయన బూట్లు వేసుకున్నారు.

గెలిచాను. స్టేజీ మీద అవతలివాడు నీళ్ళు నమిలితే ఒంట్లో ఒక పులకరింత వస్తుంది చూడు, అది కూడా వచ్చింది.

మంగళవారం పొద్దున ఫ్రీజర్ తీసింది రాఘవులు గారే. లోపల తలుపు రేకంతా సొట్టలట. ఇనప గరిటె వంగిపోయి ఉందట. నేను చూడలేదు. చూడ్డానికి వెళ్ళలేదు.

వద్దు, యాక్సిడెంట్ అనకు. ఇంకోసారి ఆ మాటంటే బయటికి నడువు.

ఏంటలా చూస్తున్నావ్? ఇంతసేపు అరిచాను కదా, కోర్టుకెక్కుతానని హడలిపోతున్నావా? నీ హెచ్-వన్ వీసాకి ఏం కాదులే. అనవసరంగా వచ్చావన్నా. నిన్న పొద్దునే లేబర్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసింది. వాళ్ళక్క ఇచ్చిందట నా నంబర్, "సీరియల్ చూసే అమ్మాయి" అని. రోసౌరా మీకు తెలుసా అని అడిగింది.

ఆ రెస్టారెంట్‌లో నేనెప్పుడూ పని చెయ్యలేదన్నాను. అలాంటి పేరే వినలేదన్నాను.

అక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. స్పెల్లింగ్ చెప్తారా అని అడిగాను.