రైలు లేని ఊళ్లో ప్లాట్‌ఫారం

సభకు పెద్దగా కూర్చున్న బాలనర్సయ్య గారికి, ముందు వరుసలో ఉన్న కాంతమ్మ వదినకు, ఆమె పక్కనే ఉన్న పెద్దకొడుకు హరికిషన్‌కు, పై అంతస్తుల్లో కాపురాలుంటున్న వాళ్లకు, కింద మడిగెల్లో దుకాణాలు నడుపుకుంటున్న మావాళ్లకు, బస్సు కోసం వచ్చి ఇక్కడేదో సభ జరుగుతోందని ఆగిన ప్రయాణికులకు, అందరికీ నమస్కారం.

నేను రాధాబాయిని. ఆ మూలనున్న గాజుల దుకాణం నాది. కాశీనాథం గారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాశీనాథం గారు అని పిలవడం నాకు అలవాటు లేదు. ఈ కాంప్లెక్సు కట్టినప్పటి నుంచీ నాకు ఆయన కాశన్నే. ఇవాళ కూడా కాశన్న అనే అంటాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, "జరసేపు ఒరుగుత, దుబ్బాక బస్సు వచ్చే యాల్లకు లేపు" అని వదినకు చెప్పి పడుకున్నాడు. వదిన లేపింది. ఆయన లేవలేదు. బస్సు మాత్రం వచ్చింది, ఆగింది, దిగేవాళ్లు దిగారు, మళ్లీ వెళ్లిపోయింది. కాశన్న చూడకుండా ఆ బస్సు ఇక్కడి నుంచి కదలడం అదే మొదటిసారి. ఆ తర్వాత ప్రతి రోజూ అట్లాగే కదులుతోంది. నాకింకా అలవాటు కాలేదు.

అయ్యా, అమ్మా, మీరు ఇప్పుడు దేని మీద కూర్చున్నారో ఒకసారి కిందికి చూడండి. కాగితాల్లో దీన్ని ఏమని రాశారో నాకు తెలియదు. ఊరంతా ప్లాట్‌ఫారం అంటుంది. మన సిద్దిపేటకు రైలుందా? లేదు. పట్టాలున్నాయా? లేవు. రైలు కూత వినాలంటే మనం ఎంత దూరం పోవాలి? అయినా మన ఊళ్లో ప్లాట్‌ఫారం ఉంది. రైలు రాకముందే ప్లాట్‌ఫారం కట్టుకుని కూర్చున్న మనిషి కాశన్న.

ఇక ఈ ప్లాట్‌ఫారం ఉంటుందా, ఉండదా? దాచి లాభం లేదు, ఇప్పుడు మన ముందున్నది ఈ ప్రశ్నే. దీన్ని తీసేసి రోడ్డు వార వరసగా కొత్త మడిగెలు కట్టాలని దుకాణాల సంఘంలో మాట నడుస్తోంది. జాగ హరికిషన్‌ది, నిర్ణయం అతనిది. సంతాప సభలో ఈ సంగతి ఎత్తొద్దని నన్ను పక్కకు పిలిచి చెప్పిన వాళ్లున్నారు. కాశన్న గురించి మాట్లాడుతూ ప్లాట్‌ఫారం ఎత్తకుండా ఎట్లా? బతికినన్నాళ్లూ ఆయన ఎత్తింది ఆ ఒక్క మాటే కదా.

మీలో చాలామందికి తెలుసు, వయసులో ఉన్నప్పుడు కాశన్న కొన్నేళ్లు బొంబాయి దగ్గరి భివండిలో ఉన్నాడు. నూలు పని మీద బొంబాయి వెళ్లి వచ్చేవాడు. బొంబాయి చూసొచ్చిన వాళ్లు ఏం చెప్తారు? సముద్రం గురించి చెప్తారు. సినిమా వాళ్ల బంగళాల గురించి చెప్తారు. ఈయన ప్లాట్‌ఫారం గురించి చెప్పేవాడు. రైలు వచ్చి ఆగుతుందట, రైలు నేలా ప్లాట్‌ఫారం నేలా దాదాపు ఒక్క తీరుగా ఉంటాయట, ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, నెత్తిన గంప ఉన్నవాళ్లు నడుచుకుంటూ పోతారట. "గాడ రైలెక్కుతుంటే ఎక్కినట్టే ఉండది చెల్లె, ఇంట్లకెల్లి వాకిట్లకు వచ్చినట్టు ఉంటది" అనేవాడు. చెప్తున్నంతసేపూ ఆయన కళ్లు మన మీద ఉండేవి కావు. ఎక్కడో ఆగి ఉన్న రైలు మీద ఉండేవి.

భివండి నుంచి వచ్చి, నాయిన వదిలిపోయిన పాత గోదాం పడగొట్టి ఈ కాంప్లెక్సు మొదలుపెట్టాడు. అపార్ట్‌మెంట్ అంటే మన ఊళ్లో ఎవరికీ తెలియని రోజులవి. ఒకరి నెత్తి మీద ఒకరు పొయ్యి పెట్టుకుంటారా అని నవ్వారు. సరే, కింద మడిగెలు రోడ్డు మీదికే కడతాడు, కిరాయిలు బాగా వస్తాయి అనుకున్నారు. ఈయన ఏం చేశాడు? మడిగెలను లోపలికి జరిపాడు. రోడ్డు వార బంగారంలాంటి జాగలో బస్సు మొదటి మెట్టు ఎత్తుకు ఈ కట్ట పోయించాడు. ఆ పక్కన ఎక్కడానికి ఏటవాలుగా దారి పెట్టాడు. కట్టకూ దుకాణాలకూ మధ్య ఒక్క గడప కూడా ఉంచలేదు. మన పాత బజారులో ఏ దుకాణానికి పోవాలన్నా మోరీ మీది బండ దాటాలి, మెట్లెక్కాలి. ఇక్కడ అవేమీ లేవు.

అప్పుడు మడిగెలు అడగడానికి వచ్చిన వాళ్లంతా రోడ్డు మీది నుంచే చూసి, "దుకాణం గంత లోపటికి ఉంటే ఎవలొస్తరు" అని మళ్లిపోయారు. నాకు వేరే చోట ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను తీసుకున్నాను. తాళంచెవి నా చేతిలో పెట్టి, "బస్సు దిగిన మనిషి తలెత్తంగనే నీ గాజులే కనవడాలె" అన్నాడు. బస్సు ఎక్కడుంది అన్నా అని నేను అడగలేదు. అడిగితే బొంబాయి దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెడతాడని భయం.

బస్సు రానే వచ్చింది. ఆ రోజు గుర్తుందా మీకు? డిపో వాళ్లను బతిమాలి ఇక్కడ ఆపడానికి ఒప్పించాడు. మామిడాకులు కట్టించాడు, ఈ కట్టకు ముగ్గు వేయించాడు, మాకందరికీ పేడాలు తెప్పించాడు. దుబ్బాక బస్సు నిండా చీరెల మూటలు, తువ్వాలల మూటలు, మనుషుల మీద మనుషులు. డ్రైవరు నాగయ్య తెచ్చి కట్ట పక్కన నిలబెట్టాడు. కండక్టరు తలుపు బయటికి తోశాడు. తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది.

కట్ట పోయించక ముందు కాశన్న ఒకనాడు పొద్దున్నే డిపోకు పోయి, కడిగిపెట్టిన ఖాళీ బస్సును కొలుచుకుని వచ్చాడు. నిండిన బస్సు కిందికి దిగుతుంది కదా. దిగింది. తలుపు పోయి కట్టకు ఆనుకుంది. లోపలివాళ్లు కిటికీల్లోంచి మమ్మల్ని చూస్తున్నారు, మేము పేడాలు పట్టుకుని వాళ్లను చూస్తున్నాం. చివరికి నాగయ్య బస్సును ముందుకు తీసుకుపోయి జనాన్ని రోడ్డు మీద దించాడు. అందరికంటే ముందు నవ్వింది ఎవరు? కాశన్నే. "ఖాళీ బస్సును కొలిచిన. మన తొవ్వల ఖాళీ బస్సును ఎన్నడన్న చూసినమా" అని కడుపు పట్టుకుని నవ్వాడు. పేడాలన్నీ ఆ ప్రయాణికులకే పంచిపెట్టాడు.

తెల్లారి నుంచి కొత్త సిమెంటు కట్టను ఎత్తు తగ్గేలా కొట్టించడం మొదలుపెట్టాడు. ఊరు నవ్వుతూనే ఉంది, ఆయన కొట్టిస్తూనే ఉన్నాడు. ఈసారి అంగడి రోజు చూసి, టాపు మీద కూడా మనుషులున్న బస్సును కొలిచాడు. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. బండి గీసుకుపోతుందని నాగయ్య దూరంగా ఆపేవాడు. ఆ సందులో కాలు పడితే అంతే సంగతులు. కాశన్న ఎక్కడెక్కడి నుంచో పాత లారీ టైర్లు తెచ్చి ఈ అంచు పొడుగునా కట్టించాడు. అవే ఈ టైర్లు. "భయపడకు, ఒరగనియ్యి" అని నాగయ్యతో అనేవాడు. ఒక సాయంత్రం బస్సు మెల్లగా వచ్చి టైర్లకు ఆనుకుంది. తలుపు తెరుచుకుంది. ఒక ముసలమ్మ, తాను ఎక్కడ దిగిందో కూడా చూసుకోకుండా, పక్కావిడతో మాట్లాడుకుంటూ నడిచి వచ్చేసింది. కాశన్న కళ్ల వెంట నీళ్లు. ఆమెకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు అంజవ్వ గురించి చెప్పాలి. దుబ్బాకలో మగ్గం మీద తువ్వాలలు నేసే ఇల్లు వాళ్లది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు చచ్చుబడింది. కర్రతో నడుస్తుంది. బస్సు లోపలి మెట్లంటే కడ్డీలు పట్టుకుని దిగగలదు, ఎక్కగలదు. నేలకూ మొదటి మెట్టుకూ మధ్య ఎత్తే ఆమె వల్ల కాదు. చంకల కింద చేతులు పెట్టి లేపేవాళ్లు, దించేవాళ్లు. మంచివాళ్లే, సాయం చేసేవాళ్లే. కానీ ఎవరు పడితే వాళ్లు ఒంటి మీద చేతులేసి ఎత్తుతుంటే ఒక ఆడమనిషికి ఎట్లా ఉంటుంది? అంజవ్వ సిద్దిపేటకు రావడమే మానేసింది. తువ్వాలలు ఎవరితోనో పంపేది, వాళ్లిచ్చిందే తీసుకునేది.

ఇక్కడ కట్ట ఉందని విని ఒకరోజు వచ్చింది. తనంతట తాను దిగింది. దిగి, కదలకుండా నిలబడిపోయింది. వెనకవాళ్లు జరగమ్మా జరగమ్మా అంటున్నా వినపడినట్టు లేదు. తర్వాత కర్ర పొడుచుకుంటూ నేరుగా నా దుకాణంలోకి వచ్చి కూర్చుంది. కాశన్న అక్కడే ఉన్నాడు. ఆమె ఎవరికీ చెప్పనట్టుగా ఒక మాట అంది. "దుబ్బాకల నన్ను మూట లెక్క ఎక్కిచ్చిన్రు. గీడ మనిషి లెక్క దిగిన."

కాశన్న సంతోషపడతాడనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆమె వెళ్లాక, "ఒక్క దిక్కే అయింది చెల్లె. ఎక్కేకాడ గూడ కట్టాలె" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కల ఇంకా పెద్దదైంది. సాయంత్రం స్టూలు మీద కూర్చుని ఊళ్ల పేర్లు చదివేవాడు. దుబ్బాకలో ఒక కట్ట, తొగుటలో ఒకటి, జగదేవ్‌పూర్‌లో ఒకటి, దారిలో బస్సు ఆగే ప్రతి చోటా ఒకటి. మనిషి ఎక్కడ ఎక్కినా మనిషిగానే ఎక్కాలి, ఎక్కడ దిగినా మనిషిగానే దిగాలి. ఊళ్ల పేర్లన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. వింటూ వింటూ నాకు ఆ కట్టలన్నీ నిజంగానే ఉన్నాయనిపించేది.

కరెంటు పోయిన సాయంత్రాలు మీకు చెప్పాలి. దుకాణాలన్నీ చీకటి. పైన ఇళ్లల్లో ఒక్కొక్క దీపం వెలుగుతూ ఉండేది. దుబ్బాక తొవ్వ మలుపులో బస్సు లైట్లు కనిపించేవి. ఆ వెలుగు మెల్లగా వచ్చి నా దుకాణంలో పడేది. వరసల వరసల గాజులన్నీ ఒక్కసారి మెరిసి, ఎరుపూ పచ్చా నీలం రంగులన్నీ గోడ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడుచుకుంటూ పోయేవి. కాశన్న చీకట్లో నెమ్మదిగా, "వచ్చింది చెల్లె, మన రైలు" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. నిజంగా రైలే వచ్చిందేమో అనిపించేది. ఆ కాసేపు సిద్దిపేట సిద్దిపేటలా ఉండేది కాదు.

బస్సు ఆగడం మొదలయ్యాక మడిగెలన్నీ నిండాయి. మందుల దుకాణం వచ్చింది, టిఫిన్ల హోటలు వచ్చింది, ఎస్టీడీ బూత్ వచ్చింది, బట్టల దుకాణం వచ్చింది. నా దుకాణం ముందు బల్ల వేసుకుని అంజవ్వ తన తువ్వాలలు తానే అమ్ముకుంటోంది. బస్సు వల్ల గిరాకీ వచ్చింది. గిరాకీ వచ్చింది కాబట్టి ఇంకా మడిగెలు కావాలి. మడిగెలకు జాగ కావాలి కాబట్టి ప్లాట్‌ఫారం పోవాలి. ఇదీ మన లెక్క. అది పోతే బస్సు ఆగదా? ఆగుతుంది, రోడ్డు మీద ఆగుతుంది. దిగేవాళ్లు దిగుతారు, నేనూ దిగుతాను, మీరూ దిగుతారు. అంజవ్వ దిగదు.

హరికిషన్, బిడ్డా, నీకు బాధ్యతలున్నాయి, నాకు తెలుసు. తండ్రి పోయిన ఇంట్లో ఎన్ని ఉంటాయో చూస్తూనే ఉన్నాను. ఇవాళ నిన్ను మాట ఇమ్మని అడగను. ఇంతమంది ముందు అడిగితే అది అడిగినట్టు కాదు, మెడ మీద కూర్చున్నట్టు. ఒక్క పని చెయ్యి. ఆ స్తంభం పక్కన మీ నాయిన స్టూలు ఖాళీగా ఉంది. అక్కడికి పోయి కాసేపు నిలబడు.

ఎందుకంటే సాయంత్రం బస్సు వచ్చే వేళయింది. నాగయ్యే తెస్తున్నాడు. సభకు వస్తున్నానని అంజవ్వ పొద్దున్నే కబురు పంపింది. దుబ్బాకలో ఈపాటికి ఆమెను ఎవరో ఎత్తి ఎక్కించి ఉంటారు. అక్కడ కాశన్న ఇంకా కట్టలేదు.

ఇప్పుడు అందరినీ ఒకటి వేడుకుంటాను. కుర్చీలు అంచు దగ్గరి నుంచి వెనక్కి జరపండి. మధ్యలో దారి వదలండి. లేచి నిలబడండి. కాశన్న కోసం మౌనంగా ఉందాం. ఎంతసేపు అని గడియారం చూడొద్దు. బస్సు వస్తుంది, రానివ్వండి. టైర్లకు ఒరుగుతుంది, ఒరగనివ్వండి. తలుపు తెరుచుకుంటుంది. అంజవ్వ కర్ర ముందు కనపడుతుంది. ఎవరూ ముందుకు పోవద్దు. జాగ్రత్త, పైలం అని కూడా అనొద్దు. దయచేసి ఎవరూ ఆమెకు చెయ్యి అందించొద్దు. ఆమె దిగి, ఈ నేల మీద నిలబడే దాకా మన మౌనం.

లేవండి. మలుపులో లైట్లు కనపడుతున్నాయి.