సీటు విడువని ఐలేశం గారు, సీటులో లేరన్న కంప్యూటరు

1989వ సంవత్సరం జూన్ ఐదవ తేదీన మహబూబ్‌నగర్ చేతివృత్తుల సంక్షేమ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా బాధ్యతలు స్వీకరించి, ఈ జనవరి ముప్పది ఒకటవ తేదీన నల్లగొండ కార్యాలయ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయుచున్న మాన్య సహోద్యోగి శ్రీ ఐలేశం గారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. వారి సద్గుణాలను వర్ణించడం సులభమే. గత దసరా తరువాత వారి కంప్యూటరుకు ఏమైందో కూడా వ్రాయమన్నారు చూడండి, అక్కడ వచ్చింది చిక్కు. అది జరుగుతున్నన్నాళ్లూ నాకు అర్థం కాలేదు. అందరికీ అర్థమైపోయిన తరువాత కూడా నాకు కొంత మిగిలే ఉంది.

ఐలేశం గారు పానగల్ వాస్తవ్యులు. వారి తండ్రి భిక్షం గారు బుట్టలు అల్లి సంసారాన్ని ఈదిన కష్టజీవి. ఒకనాడు భిక్షం గారు ఏదో దరఖాస్తు పట్టుకుని నల్లగొండలోని ఒక కార్యాలయానికి వచ్చి, ఖాళీ కుర్చీ ముందు పొద్దుగూకేదాకా నిలబడి వెనుదిరిగారట. ఈ సంగతిని ఐలేశం గారు ఎప్పుడు చెప్పినా ఒకే తీరుగా చెప్పేవారు. "మా బాపు ఎవల్నీ తిట్టలే. కుర్చీకి మొక్కి వచ్చిండు. మల్ల ఏ ఆఫీసుకూ పోలే." ఉద్యోగంలో చేరిననాడే వారొక నియమం పెట్టుకున్నారు. పనివేళల్లో తమ కుర్చీ ఎవరికీ ఖాళీగా కనబడరాదు.

మహబూబ్‌నగర్ నుండి అమ్రాబాద్‌కు బదిలీ అయినప్పుడు, అడవిలో ఇంత దూరం ఎవరు వస్తారని తోటివారు వారిని ఆటపట్టించినా, వెదురు పనివారు వస్తారని నమ్మి కూర్చున్నారు, వారూ వచ్చారు. రాష్ట్రం ఏర్పడి, జిల్లాలు విడిపోయిన పిమ్మట నల్లగొండకు వచ్చి, పదోన్నతి పొందిన తరువాత కూడా ఆ నియమం సడలలేదు. మధ్యాహ్న భోజనమూ సీటులోనే, చాయ్ కూడా సీటులోనే. మా అటెండరు మారెమ్మ గారికి దీనిపై శాశ్వతమైన ఫిర్యాదు ఉండేది. "సారు లేస్తె కద నాకు ఊడ్వనీకి జాగా దొరికేది!"

వారి పనితీరులో మరొక విశేషం ఉంది. ఎదుట ఎవరైనా వచ్చి కూర్చుంటే కంప్యూటరు మీది నుండి చేతులు తీసి ఒడిలో పెట్టుకుంటారు. కుమ్మరి సారె సంగతో, మగ్గం గుంట సంగతో వారు చెప్పదలచినదంతా చెప్పనిచ్చి, ఆ తరువాతనే టైపు చేస్తారు. మాట వింటూ టకటక కొట్టడం వారి దృష్టిలో ముఖం తిప్పుకోవడంతో సమానం.

గత సెప్టెంబరులో ప్రధాన కార్యాలయం వారు మా కార్యాలయానికి ఒకే ఒక్క కొత్త కంప్యూటరు పంపి, దానిని సూపరింటెండెంటు గారి సీటులో అమర్చారు. దాని సర్వాధికారాలూ హైదరాబాదులోనే ఉన్నాయి. తెర ఎప్పుడు ఆరాలో, తాళం ఎప్పుడు పడాలో అక్కడివారే నిర్ణయిస్తారు. మనం ఆ అమరికను తెరిచి చూడవచ్చు గానీ మార్చలేము. అక్షరాలు బూడిదరంగులో ఉంటాయి, ఎంత నొక్కినా ఉలకవు, పలకవు. ఇంతలో దసరా వచ్చింది. చేతివృత్తులవారి కార్యాలయం కదా, ఆయుధపూజ మాకు చిన్న విషయం కాదు. ఐలేశం గారు స్వయంగా కొత్త కంప్యూటరుకు పసుపు రాసి, నిండుగా కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ మరునాడు తీశారు. బొట్టును మాత్రం ప్రతి శుక్రవారం కొత్తగా దిద్దేవారు.

పండుగ సెలవుల తరువాత గందరగోళం మొదలైంది. ఐలేశం గారు టైపు చేస్తున్నంతసేపు కంప్యూటరు బుద్ధిగానే ఉండేది. వారు చేతులు తీసి ఎదుటివారి మాట వినడం ఆరంభించగానే తెర నల్లబడి తాళం పడేది. సంకేతపదం కొట్టి తెరిస్తే, అప్పటిదాకా నింపిన దరఖాస్తు మళ్లీ మొదటికి వచ్చేది. కనగల్ నుండి వచ్చిన ఒక ముసలామె, తాను మాట్లాడినప్పుడల్లా తెర ఆరిపోవడం గమనించి, "నా నోరు మంచిది గాదేమో సారూ" అని కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెను సమాధానపరచడం మా అందరి తరం కాలేదు.

నేను తోచిన వైద్యమల్లా చేశాను. మౌస్ దానంతటదే కదులుతూ ఉంటుందని ఎవరో చెబితే దాని కింద గాజుపలక పెట్టాను. మీట మీద స్టాప్లర్ పెడితే దరఖాస్తుదారు పేరు స్థానంలో పుటలకొద్దీ ఖాళీ పెరిగింది. వాస్తు దోషమేమోనని బల్లను తూర్పుకు తిప్పాము. చివరకు నేనే ఆ సీటులో కూర్చుని చేతులు కట్టుకున్నాను. తెర ఆరిపోయింది. నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చింది. హైదరాబాదులో ఈ వ్యవహారాలు చూసే ఇంజనీరు మనస్విని గారికి ఫోను చేస్తే, "మనిషి సీటులో ఉన్నంతసేపూ లాక్ పడదు సార్, మనిషి లేచి వెళ్లిపోతేనే వెంటనే పడుతుంది" అన్నారు. మనిషి సీటులోనే ఉన్నాడమ్మా అంటే, లేరనే ఇక్కడ నమోదవుతోందన్నారు. ఇద్దరమూ చాలాసేపు ఇదే మాట అటూ ఇటూ చెప్పుకుని ఫోను పెట్టేశాము.

దీనికి దిష్టి తగిలిందని మారెమ్మ గారు తేల్చారు. ఐలేశం గారు బొట్టును మరికొంచెం పెద్దది చేశారు. తాళాలు తగ్గలేదు.

అప్పుడు ప్రధాన కార్యాలయం నుండి వచ్చింది మెమో. పనివేళల్లో పదేపదే సీటు విడిచి వెళ్తున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని, అది ఆమోదం పొందేవరకు విరమణ పత్రాలు ముందుకు కదలవని దాని సారాంశం. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఆరేళ్లు కుర్చీని అంటిపెట్టుకున్న మనిషికా ఈ మాట? ఐలేశం గారికి కోపం రాలేదు, అంతకన్నా పెద్దదే వచ్చింది. కాగితాన్ని మడతపెట్టి, "సీటు మీదనే కూసున్న భిక్షపతీ. నేను లేనంటాంది గిది. మా బాపు వచ్చిన్నాడు లేనోడు, నేను... ఇద్దరం ఒకటే అయినమా?" అని నన్నే అడిగారు.

నవంబరులో వారి కుమారుడు విజేందర్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో పురుడు కనుక ఐలేశం గారు పూజా ద్రవ్యాలు ముట్టలేదు, శుక్రవారం బొట్టు దిద్దలేదు. ఎండిన పాత కుంకుమ పొడిపొడిగా రాలిపోయింది. అదేమి చిత్రమో, తాళాలు ఆగిపోయాయి! ఎవరు ఎంతసేపు మాట్లాడినా తెర నిశ్చలంగా వెలుగుతూనే ఉంది. పసిబిడ్డ కాలు మహిమ అన్నారు మారెమ్మ గారు. ఐలేశం గారి సతీమణి సుగుణమ్మ గారు మనుమరాలి పేరిట కార్యాలయానికంతటికీ లడ్డూలు పంపారు. కారణం అడగవద్దని నేను కూడా నిశ్చయించుకుని రెండు తిన్నాను.

పురుడు వెళ్లిన మొదటి శుక్రవారం ఐలేశం గారు కృతజ్ఞతాపూర్వకంగా రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, చేతులు జోడించి నిలబడ్డారు. వారి కళ్లముందే తెర ఆరిపోయింది. వారు కాసేపు ఆలోచించి, రుమాలుతో బొట్టు తుడిచి, తెర తెరిచి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆరలేదు. మళ్లీ పెట్టారు. ఆరింది. వెంటనే మనస్విని గారికి ఫోను కలిపించారు.

"బొట్టు ఎక్కడ పెడుతున్నారు సార్?" అని ఆమె అడిగారు.

"నొసట పెట్టిన బిడ్డా. ఇంకెక్కడ పెడ్తరు?"

"సార్, తెర పై అంచున నడిమధ్యలో దానికి కన్ను ఉంటుంది. మీటలు కదలనప్పుడు ఎదుట మనిషి ఉన్నాడా లేడా అని అది ఆ కన్నుతోనే చూస్తుంది."

ఐలేశం గారు నవ్వలేదు. "అయ్యో, దాని కండ్లకు గంతలు కట్టి, నన్ను చూస్తలేదని ఫికర్ పడ్డనా!" అన్నారు.

సంజాయిషీలో సాంకేతిక లోపమని ఒక్క ముక్క వ్రాసి వదిలేయమని మేమందరం సలహా ఇచ్చాము. నిజం వ్రాస్తే పైవారు నవ్వుతారని, హేళన చేశారనుకుని కాగితాలు ఇంకా ఆపుతారని భయపెట్టాము కూడా. "తప్పు దానిది గాదు. నేను పెట్టిన బొట్టు, నేనే రాస్త" అన్నారు వారు. 'నేను సీటులోనే ఉన్నాను. యంత్రం కంటికి నేనే భక్తితో బొట్టు పెట్టినందున అది నన్ను చూడలేకపోయింది' అని వ్రాసి సంతకం చేశారు. ప్రధాన కార్యాలయంలో ఆ కాగితం ఎన్ని బల్లలు తిరిగిందో తెలియదు గానీ, మెమో ఉపసంహరించబడింది. వెంటనే అన్ని జిల్లాలకూ ఒక ఉత్తర్వు వచ్చింది: కంప్యూటర్లకు బొట్టు పెట్టువారు తెర కింది అంచున మాత్రమే పెట్టవలెను. ఇటువంటి తాళాలు మరికొన్ని చోట్ల కూడా పడ్డాయని అప్పుడు తెలిసింది. అక్కడివారు ఏమి సంజాయిషీ ఇచ్చారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు నేటికీ అర్థం కానిది ఒకటే. 'నాకు కనబడలేదు' అనవలసిన యంత్రం 'మనిషి లేడు' అని ఎట్లా అనగలిగింది? మనస్విని గారు రెండుసార్లు వివరించారు. నేను రెండుసార్లూ తల ఊపాను.

వచ్చే సోమవారం నుండి ఆ సీటులో కూర్చోవలసినవాడిని నేనే. నిన్న సాయంత్రం బాధ్యతలు అప్పగిస్తూ ఐలేశం గారు తాళంచెవులో, సంకేతపదమో చెబుతారనుకున్నాను. "ఊకె లేవకు భిక్షపతీ. దూరంకెల్లి వస్తరు" అని మాత్రం అన్నారు. శ్రీ ఐలేశం గారు సుగుణమ్మ గారితో, కుమారునితో, కాళ్లాడించే మనుమరాలితో ఆయురారోగ్యాలు కలిగి నిండు నూరేళ్లు సుఖంగా వర్ధిల్లాలని, ముప్పై ఆరేళ్లుగా కూర్చున్న ఆ కాళ్లు ఇకనైనా తనివితీరా తిరగాలని మా అందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాను. సోమవారం నేను వెళ్లేసరికి ఆ కన్ను శుభ్రంగానే ఉంటుంది, ఎదుట ఐలేశం గారు లేరనే చెబుతుంది. ఈసారి అది చెప్పేది నిజమే. నమ్మబుద్ధి కావడం లేదు.

– భిక్షపతి, సీనియర్ అసిస్టెంటు