ఆది చొక్కా

పెద్దాయన వెలిసిన చొక్కా ఒకటి తెచ్చి టైలరు బల్ల మీద పరిచాడు.

"ఎప్పటిలాగే దీని ఆదికే కుట్టు నాయనా."

"ఇందులో మీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు బాబాయ్!"

"మీ పిన్ని దగ్గరుండి కుట్టించిందయ్యా ఇది."

"అది పిన్ని చేతివంట తిన్న ఒళ్ళు. ఆవిడే పోయాక ఇంకెన్నేళ్ళు ఆ కొలతే? చేతులెత్తండి, టేపు పెడతాను."

"చూసేదెవరులే."

"నేను చూస్తాగా. ఎత్తండి."

పెద్దాయన మెల్లగా చేతులెత్తాడు.

"అయిపోయింది బాబాయ్, ఇక దించండి."

"ఇంకోసారి కొలువు నాయనా. ఇంటికెళ్ళినా గోడలేగా."

"అలాగే. తిన్నగా నిలబడండి... భుజాలు అలా వాల్చెయ్యకండి. ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉన్నారు. ఈ పాతదేం చెయ్యమంటారు?"

"ఇలా ఇవ్వు, దాచుకుంటాను. ఆదికి మాత్రం ఇక తేను."