ఊరు దాటని కారు

మెకానిక్ బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. అమ్మకానికొచ్చిన ఆ పాత కారును షెడ్డుకు తెచ్చింది అతని అక్క భర్తే.

"ఆ టకటక ఏంట్రా?"

"లోపల బేరింగ్ అరిగిపోయింది బావా. ఊరికే ఇచ్చినా వద్దు."

"ఊళ్ళో తిరుగుతుందా?"

"మెల్లగా తిరుగుతుంది. ఊరు దాటిందంటే నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసి ఆగిపోతుంది."

"అయితే కొనేస్తున్నా. పక్క ఊళ్ళో ఉద్యోగమొచ్చింది, కారు కావాలని మీ అక్క ప్రాణం తోడేస్తోంది. కొనిపెట్టినట్టూ ఉంటుంది, వారంలో ఉద్యోగం ఊడి ఇంట్లో పడుంటుంది."

"అక్క నన్నే అడుగుతుంది బావా."

"బ్రహ్మాండంగా ఉందని చెప్పు. ఈ షెడ్డు ఎవరిదో గుర్తుందిగా?"

అంతలో అక్కే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, చూశావా? నువ్వు సరేనంటేనే నాకు ధైర్యం."

బావ అతని మొహంలోకే చూస్తున్నాడు. మెకానిక్ బానెట్ దించేశాడు.

"బంగారంలాంటి బండి అక్కా. తీసుకో."