హంస రెక్క కింద నలభై రెండో చుక్క

తల ఊపకండి మాస్టారూ, మీరు ఆకాశంలో చూపించే ఆ ఏడు చుక్కల ఎలుగుబంటికి అంత పొడుగు తోక ఎక్కడైనా ఉంటుందా? జంతువుల బొమ్మల పుస్తకం తిరగేసిన ఏ పిల్లనైనా అడగండి. ఇదేమిటంటే ఏమంటారు? దేవుడు తోక పట్టుకుని పైకి విసిరాడట, అందుకని సాగిందట. ఒక అబద్ధం చినిగితే దానికి ఇంకో అబద్ధం అతుకు.

ఆ ఏడు చుక్కల్నే ఒకచోట ఋషులన్నారు. ఇంకోచోట గరిట అన్నారు. ఎడారివాళ్ళయితే పాడె అన్నారు, వెనకాల మూడు చుక్కలూ ఏడుస్తూ నడిచే కూతుళ్ళట. ఎవరింట్లో గొడవ వాళ్ళు పట్టుకెళ్ళి పైన ఆరేశారు. చుక్కలకి ఆ సంగతే తెలీదు పాపం.

పాలపుంత సంగతి సరేసరి. ఒకచోట తల్లి పాలు ఒలికాయి. ఒకచోట ఎవరో పిల్ల నెగడులోంచి బూడిద తీసి పైకి విసిరింది. మరోచోట అది మొగుడూ పెళ్ళాల మధ్య ఏరు, ఏడాదికోసారి పిట్టలు వంతెన కడితేగాని కలవరు. మీ షో ఇరవై ఐదు నిమిషాలండీ. గడియారం పెట్టి కొలిచాను. పద్దెనిమిది నిమిషాలు కథలు, ఏడు నిమిషాలు నిజం. నక్షత్రశాల అని బోర్డు ఎందుకు మరి?

ఇప్పుడేం రాయక్కర్లేదు, ఆ పలక పక్కన పెట్టండి. గొంతు ఆపరేషన్ అయింది, నెల రోజులు నోరు విప్పకూడదని మీ కోడలుగారు గుమ్మంలోనే హెచ్చరించారు. మంచిదే. ముప్పై ఒక్క ఏళ్ళు చీకట్లో మైకు పట్టుకుని మీరొక్కరే మాట్లాడారు. ఒక్క అరగంట నాకివ్వండి.

సంగతేమిటంటే, పాత యంత్రం తీసేస్తున్నారు. అదే, లోపల బల్బు, చుట్టూ చిల్లుల గోళం, ఒక్కో చిల్లూ కప్పు మీద ఒక్కో చుక్క. సోమవారం నుంచి కంప్యూటర్ ప్రొజెక్టరు. మీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. డైరెక్టరుగారు ఒక కాగితం చేతిలో పెట్టారు. చూపించే ప్రతి చుక్కా పట్టికలో ఉండాలి. చెప్పే ప్రతి కథకీ ఆధారం ఉండాలి. కింద నా సంతకం. ఒక్కటి తప్పినా ఇంటికే అన్నారు, నవ్వుతూనే.

లెక్కంటే నాకేం భయం? గోళం వెలిగించి కప్పుని గళ్ళుగా విడగొట్టుకుని లెక్కపెట్టాను. పట్టిక ప్రకారం హంస అనే చుక్కలగుంపు దగ్గర నలభై ఒకటి ఉండాలి. నలభై రెండున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి నిచ్చెన వేసుకుని గోళాన్నే వేలితో తడిమి చూశాను.

చిల్లు, మాస్టారూ. మిగతావన్నీ గుండ్రంగా ఉన్నాయి, అదొక్కటి గీరుకుపోయి ఉంది. ఎవరి చేతిలోనో స్క్రూడ్రైవర్ జారింది. ఎవరి చేతిలోనో ఏమిటిలెండి, మీరలా కిటికీవైపు చూస్తుంటేనే తెలుస్తోంది.

ఇంత నల్ల టేపు ముక్క అంటిస్తే పోయేది. మీరు కథ అంటించారు. కృత్తికల కథ తీసుకున్నారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళంటారు, చూస్తే ఆరుగురే కనిపిస్తారు, ఏడోది ఏమైందని ఎన్ని దేశాల్లో ఎన్ని ఏడుపులో. సిగ్గుపడి మొహం చాటేసిందని ఒకళ్ళు. ఊరు తగలబడుతుంటే చూడలేక వెళ్ళిపోయిందని ఇంకొకళ్ళు.

మీరేమన్నారు? ఆ ఏడోది అందరిలోకీ పెద్దది, తప్పిపోలేదు, ముందు వెళ్ళింది. హంస రెక్క కింద దీపం పెట్టుకుని కూర్చుంది, వెనక వచ్చే చెల్లెళ్ళకి దారి తెలియాలని. పైగా "పూర్వీకులు చెప్పేవారు" అని ఓ మాట. ఎవరి పూర్వీకులండీ? మిగతా పదకొండు కథలకీ పుస్తకాల్లో ఆధారం దొరికింది. ఈ పన్నెండోదాని కోసం నాలుగు గ్రంథాలయాలు తిరిగాను.

అంత తిరగడమెందుకంటారా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా బడివాళ్ళు మీ షోకి తీసుకొచ్చారు. మూడో వరస, చివరి కుర్చీ. అప్పటికి మా అక్క పోయి పంతొమ్మిది రోజులు. దానికి పద్నాలుగేళ్ళు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను, అక్క తప్పిపోలేదట, ముందు వెళ్ళిందట అని. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది ఆవిడకి. అప్పట్నుంచి మబ్బు లేని ప్రతి రాత్రీ ఇద్దరం డాబా ఎక్కేవాళ్ళం. ఆరేళ్ళు. నాకు ఒక్కసారీ కనబడలేదు. నా కళ్ళే మంచివి కావేమోనని ఏడ్చి మరీ కళ్ళద్దాలు పెట్టించుకున్నాను. కోణాలూ దూరాలూ నేర్చుకుంది కూడా అందుకే, అదెక్కడుండాలో లెక్కగట్టి పట్టుకుందామని. అమ్మ మాత్రం ఎక్కిన ప్రతిసారీ "అదిగో" అనేది. లేనిదాన్ని ఆవిడ చూసింది, మీరు చూపించారు. ఇద్దరూ ఇద్దరే.

ఎంత వద్దన్నా రాస్తూనే ఉన్నారు. ఏదీ, ఇటు తిప్పండి.

"తీసెయ్యి."

అంతేనా? ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పి, ఇవాళ మూడక్షరాలా? వంచిన తల ఎత్తండి మాస్టారూ. చీవాట్లు పెట్టి పోదామని వచ్చాను, మీరిలా కూర్చుంటే ఎలా?

ఇంక తీసెయ్యడానికి వీల్లేదు. పొద్దున్నే సంతకం పెట్టి కాగితం ఇచ్చేశాను. ఆ నలభై రెండోదాన్ని కంప్యూటర్లో నా చేత్తోనే పెట్టాను, డైరెక్టరుగారి కంట పడకుండా కాస్త మసగ్గా. ఆధారం గడిలో ఏం రాశానో తెలుసా? "ఒక తల్లి చెప్పగా విన్నది. ఆవిడ స్వయంగా చూశారు."

ఏం చేయమంటారు? సోమవారం మొదటి షోకి అమ్మ వస్తానంది. మిగతా ఆకాశం ఏమైనా ఆవిడకి పట్టదు. ఆ రెక్క కింద మాత్రం లెక్క తగ్గితే ఊరుకోదు.