పద్నాలుగో నంబరు కోటు

(ఫైర్ స్టేషన్ వెనక కుట్టుగది. స్టోర్‌కీపరు, మంటల్లోకి వెళ్ళేవాళ్ళ కోటులు బాగుచేసే కుట్టుమనిషి. మధ్యాహ్నం.)

“ఒక్క కోటు. రెండు భుజాలు, ఒక చెయ్యి. దానికి రెండు రోజులా అమ్మాయ్?”

“పట్టింది బాబాయ్.”

“పట్టిందంటే? మిషనుంది, రీలుంది…”

“ఆ రీలు సంగతే మాట్లాడదామని పిలిచాను. కూచోండి.”

“కూచుంటే మళ్ళీ లేవలేను, అంత అలిసిపోయున్నా. ఏంటా వేళ్ళకి గుడ్డలు?”

“కోసుకున్నాయిలెండి. ఈ రీలు ఎక్కడిది?”

“స్టోరుది. ఇంకెక్కడిది?”

“స్టోరుదేనా?”

“చీటీ ఉందిగా, చదువుకో.”

“చీటీ స్టోరుదే. నేనడిగేది దారం.”

“పసుపు దారం. కోటుకి కావలసిందీ పసుపే. ఇంకేం కావాలి నీకు?”

“మీ లైటరు ఇలా ఇవ్వండి.”

“లైటరెందుకిప్పుడు?”

“ఇవ్వండి బాబాయ్, ఓపిక లేదు నాకు. ఇదిగో, ఇది పాత కోటులోంచి తీసిన పోగు. అసలైన ఆరమిడ్, మంటకి కరగని రకం. అంటిస్తున్నా. నల్లబడింది, అంతే. కరగలేదు. మంట తీయగానే ఆరిపోయింది. ఇప్పుడు మీ రీలుది చూడండి.”

“ఊఁ.”

“ఊఁ కాదు, దగ్గరికొచ్చి చూడండి. ముడుచుకుపోయి కొసన పూస కట్టింది. కరిగిపోయింది.”

“దారమేగా అమ్మాయ్. మంటనాపేది గుడ్డ. ఆ గుడ్డ ఉండగా…”

“గుడ్డకేం కాదు. నిక్షేపంలా ఉంటుంది. కుట్టు కరిగితే చెయ్యి ఒకవైపు, వీపు ఒకవైపు. ఆ సందులోంచి మంట లోపలికి దూరితే, గుడ్డ ఎంత గొప్పదైతే ఏం లాభం?”

“అంతలా అవుతుందా?”

“పూస చూశారుగా.”

“నన్నేం చెయ్యమంటావ్? అసలు దారం రెండు నెలలుగా రావట్లేదు. రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టింది. చిరిగిన కోటులు కొక్కేలకి వేలాడుతున్నాయి. నువ్వేమో ఆ దారమైతేనే కుడతానంటావు. అందుకని…”

“అందుకని బజారు దారం తెచ్చి పాత రీలుకి చుట్టారు.”

“రంగు అచ్చంగా కలిసింది.”

“నన్నడగొచ్చుగా?”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“లేదు.”

“మరి!”

“సరే. నేను కుట్టిచ్చిన పద్నాలుగో నంబరు కోటు కొక్కేనికి లేదు. ఎవరు తీసుకెళ్ళారు?”

“నేనే ఇచ్చా.”

“ఎవరికి?”

“పొద్దున రంగుల గోడౌను అంటుకుందని ఫోనొచ్చింది. ఒకటే హడావిడి. వాడి కోటు నిన్నటి తడి ఆరలేదు. చేతికందింది ఇచ్చేశాను.”

“వాడంటే?”

“ఒకడు.”

“ఒకడేమిటి బాబాయ్? పేరు రాసుకోరా మీరు?”

“రాసుకునేదేముంది. మావాడే.”

“మీ అబ్బాయా?”

“గుండీలు కూడా నేనే పెట్టాను. మెడ దగ్గర బిగుతుగా ఉంది నాన్నా అంటే, కాస్త ఓర్చుకోరా అన్నాను. నా చేతులతో నేనే… ఇంకా లోపలే ఉన్నారు వాళ్ళు. ఇందాకే కబురొచ్చింది, రెండో అంతస్తని.”

“బాబాయ్, ఆగండి. నేను చెప్పేది…”

“వాకీటాకీ ఎక్కడ పెట్టాను? బయటికి రమ్మంటాను. కోటు విప్పెయ్యమంటాను.”

“లోపలున్నవాణ్ణి కోటు విప్పమంటారా? మీకు మతి పోయిందా? కాసేపు నా మాట…”

“నీ మాటేం వినను! తెలిసీ ఎందుకు కుట్టావు? ముందే ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?”

“చెబుదామని మొన్న రెండుసార్లు మీ గదికొచ్చాను. పని చూసుకో ఫో అన్నారు.”

“అన్నాను. అన్నానమ్మా. ఆ తలుపు తియ్యి.”

“తియ్యను. కూచోండి. ఎవరి ఒంటిమీదుందో నాకు తెలీదు, తెలిస్తే ఇంతసేపు లాగేదాన్ని కాదు. కొత్త రీలు ఏదొచ్చినా ముందు కొస కాల్చి చూస్తాను. మీ రీలు మిషనెక్కలేదు.”

“ఎక్కలేదా? మరి దేంతో కుట్టావు?”

“పారేసే కోటులు గుట్టగా ఉన్నాయిగా. వాటిల్లో ఎండకి చివికిపోని లోపలి కుట్లు వెతికి, ఒక్కో పోగూ లాగి చూసి, జానెడేసి ముక్కలతో చేత్తో కుట్టాను, రెండేసి వరసలు. ఒక్క కోటుకి రెండు రోజులా అని అరిచారే, అందుకు పట్టింది బాబాయ్.”